అవిసె బట్టలో చాయ్ చెక్క

మా ఇంట్లో చాయ్ మొట్టమొదట తాగింది మా బర్రె. ఈ మాట అంటే మా మనవరాళ్లు నమ్మరు. "మనుషులు తాగకముందే బర్రె ఎట్ల తాగింది, అమ్మమ్మా?" అని నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు బాన్సువాడ బజారంతా నవ్వింది, వీళ్లొక లెక్కా!

నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఆయన ఎక్కడో అస్సాం అవతలి కొండల్లో మిలిటరీ సామాను మోసే కంట్రాక్టరు లారీ నడిపేవాడు. పెళ్లయిన నెల లోపలే ట్రంకుపెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. మామ నేను రాకముందే పోయారు. ఇంట్లో మిగిలింది అత్త, బర్రె, నేను. పెత్తనం అత్తది, మర్యాద బర్రెది, పని నాది.

బర్రెకు అంత మర్యాద ఎందుకంటే, అది ఉండేది ఇంటి ముందు, రోడ్డు మీదికి తెరుచుకున్న కొట్టంలో. బొగ్గుతో నడిచే బస్సు పొగలు కక్కుకుంటూ వచ్చి సరిగ్గా ఆ కొట్టం ముందరే ఆగేది. దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు, చెరుకు బండ్ల వాళ్లు, బిచ్కుంద నుంచి వచ్చే బేరగాళ్లు అందరూ ముందు మా బర్రె ముఖం చూసేవాళ్లు. అది కూడా నెమరేస్తూ ఒక్కొక్కరినీ నిదానంగా చూసేది. ఊళ్లో దానికి తెలిసినంతమంది మనుషులు నాకు తెలియదు.

అత్త గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె ముడి వేసిందంటే ఇంకెవరి వల్లా విప్పడం కాదు. తాడును లోపలి నుంచి తీసి, మళ్లీ దాని కిందికే దూర్చి, ఏదో చేసేది. తవుడు సంచీ, ఉప్పు మూట, విస్తర్ల కట్ట, అన్నిటికీ అదే ముడి. పళ్లతో పీకినా, సూదితో పొడిచినా వచ్చేది కాదు. ఆమె వచ్చి ఒక కొస పట్టి గుంజితే మాత్రం నీళ్లలా జారిపోయేది. అత్త పక్క ఊరికి పోతే నాకు ఆ పూట ఉప్పు లేనట్టే.

ఆ ఏడు వానలు వెనకపట్టే రోజుల్లో మా ఆయన సెలవు మీద వచ్చాడు. అత్త కొట్టంలో పాలు పితుకుతుండగా పెట్టెలోంచి రెండు గుండ్రటి వస్తువులు తీశాడు. వెదురు ఆకులో చుట్టి, నారతో కట్టి ఉన్నాయి. చీనా వాళ్ల దిక్కు నుంచి కొండల్లోకి వచ్చే చాయ్ అట. ఆకును ఆవిరి పట్టి, రాయి కింద అదిమి, బిళ్లలా చేస్తారట. లారీలో ఎక్కించుకున్నందుకు ఒక ముసలాయన ఇచ్చాడట. మిలిటరీలో దాన్ని కేకు అంటారని మా ఆయన చెప్పాడు. ఆ మాట మా నోళ్లకు తిరగక మేం దాన్ని చెక్క అన్నాం. తర్వాత జరిగిన బాగోతమంతా ఆ మాట తెచ్చిపెట్టిందే.

కాళ్లు కడుక్కుని కూర్చున్నాడో లేదో, అత్తతో మొదలుపెట్టాడు.

"అవ్వా, ఇగ నేను లారీ తోల. ఈడనే చాయ్ దుకాణం వెడ్త. బర్రె కొట్టం నాకియ్యి."

"బర్రెనేడ కట్టాలె? నీ నెత్తి మీదనా?"

"ఇంటెనక రేగుచెట్టు కాడ కట్టు."

"అది రోడ్డు సూసుకుంట నెమరేస్తది. ఎనక్కు వోతే ఒక్క సుక్క పాలియ్యది. నీకేమెరుక?"

ఒక గంట వాదించుకున్నారు. చివరికి అత్త ఒక మెట్టు దిగింది. "ముందుగాల గా చాయేందో నాకు తాపు. మంచిగనిపిస్తే కొట్టమిస్త. లేకుంటే నీ లారీ నీకు, నా బర్రె నాకు."

తలుపు చాటున నిలబడి ఆ మాట విన్నాను. ఎందుకు దాచాలి, ఆయన ఇంట్లో ఉండాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. అప్పటికి మేమిద్దరం గట్టిగా నాలుగు మాటలు మాట్లాడుకున్నదీ లేదు. ఆయనకు పులుపు ఇష్టమా కారం ఇష్టమా కూడా నాకు తెలియదు. అత్త చాయ్ తాగి మూతి విరిస్తే మళ్లీ లారీ, మళ్లీ కొండలు, మళ్లీ నేనూ బర్రే.

పైగా చాయ్ చెక్కలు వానకు తడిసి వచ్చాయి. ఆకు చుట్ట విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన చాప వాసన. ఆయన మొహం పాలిపోయింది. ముసలాయన చెప్పిన ఉపాయం ఒకటి ఉందట. డబ్బాలో పెట్టి మూయకూడదు. గాలి ఆడే బట్టలో చుట్టి, నీడన వేలాడదీస్తే చెమ్మ పోయి మళ్లీ దారికి వస్తుంది. కానీ పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పట్టేసుకుంటుంది. దసరా పండుగ దాకా నెల రోజుల సెలవుంది, ఈలోగా బాగు చేయాలి.

"బట్ట నేను కుడతా," అన్నాను. ఆయనతో నేనై మాట్లాడిన మొదటి మాట అదేనేమో. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బట్ట కూడా ఆయనే తెచ్చాడు. మిలిటరీ దొరలు భోజనం చేసే బల్ల మీద పరిచేది, ఒక మూల చిరిగిందని పారేశారట. లినెన్ అంటారట. పత్తి బట్టలా మెత్తగా లేదు. చేత్తో పట్టుకుంటే చల్లగా, కొంచెం బిరుసుగా, పలచగా ఉన్నా గట్టిగా ఉంది. దాని మీద దొరలు తిన్న పులుసులన్నీ మ్యాపులు గీసి ఉన్నాయి. కుంకుడు రసంలో నానబెట్టి, బూడిద నీళ్లలో ఉడికించి, మళ్లీ కుంకుడు రసం. నాలుగైదుసార్లు ఉతికాక దొరలు వదిలారు.

మా పక్కిల్లు దర్జీవాళ్లది. ఆ ఇంటి పెద్దామెను పిన్ని వరసలో ఖాలా అనేదాన్ని, నాకు కుట్టు నేర్పింది ఆమే. బట్ట చూడగానే ఆమె కళ్లు మెరిశాయి. "అరె బేటీ, ఏం బట్ట తెచ్చిండే నీ మొగుడు! గిది చీరకు గాదు, పరుపుకు గాదు, చాయ్‌కా?" అని పడీపడీ నవ్వింది. తర్వాత ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఇత్తడి పళ్లెం బోర్లించి, బొగ్గుతో గీసి గుండ్రంగా కత్తిరించాం. కుట్టు వదులైతే చీమ దూరుతుంది, బిగిస్తే బట్ట ముడుచుకుపోతుంది. "దగ్గరగ కుట్టు, గానీ గుంజకు. బట్ట ఊపిరి వీల్చాలె," అని ఖాలా నా వేళ్ల మీద గజం కర్రతో తడుతూనే ఉంది. అంచు మడిచి, లోపల ఇంకొక పొర వేసి, మూతికి నాడా దూర్చాం. నాడా గుంజితే సంచీ మూతి ముడుచుకుపోతుంది, వదిలితే పువ్వులా విచ్చుకుంటుంది. నాకైతే ఆ సంచీని విప్పడం, ముడవడం, మళ్లీ విప్పడం ఒక ఆటైపోయింది.

మా ఆయన ఏదో పని ఉన్నట్టు అరుగు చుట్టూ తిరిగేవాడు. ఒకరోజు ఎవరూ అడగకుండానే, "ఈ బట్ట పత్తిది గాదు, అవిసె కట్టె నారతోని నేసింది," అని పెద్దగా ప్రకటించాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్త చేట ఆపింది.

"ఏంది? అవిసెలా? అవిసెలతోని నూనె తీస్తరు, మిగిలిన చెక్క బర్రెకు వెడ్తరు. బట్ట నేస్తరా? ఇగ రేపు చింతపండుతోని చీర నేస్తరంటవు!"

ఆ మాట ఆమెకే ఎంత నచ్చిందంటే, వారం రోజులు వచ్చినవాళ్లకల్లా చెప్పింది. నేను కూడా ఊరుకోలేదు. ఖాలా దగ్గర మిగిలిన నీలం దారం తీసుకుని రెండు సంచుల మీదా అవిసె పూలు కుట్టాను. మా దిక్కు నల్లరేగడి చేలల్లో చలికాలం పూసే చిన్న చిన్న నీలం పూలు. మొదటి సంచీ మీద పూలు పూలలాగే వచ్చాయి. రెండోదాని మీద ఎండ్రకాయల్లా వచ్చాయి. మా ఆయన ఆ ఎండ్రకాయల సంచీయే ఎక్కువ బాగుందన్నాడు. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

చుట్టడమైతే చుట్టాం, పెట్టేదెక్కడ? వంటింట్లో ఇంగువ. అటక మీద మిరపకాయలు. వెనక గదిలో ఎండుచేపలు. ముందు బర్రె. ఆ ఇంట్లో ఇన్ని వాసనలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ముక్కులు ఎగబీలుస్తూ ఇద్దరం ఇల్లంతా తిరిగాం. చివరికి నడిమింట్లో, కిటికీకి ఎదురుగా, దూలానికి తాడు కట్టి రెండు సంచులనూ వేలాడదీశాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో తాలింపు బంద్. చెమ్మ చెక్కకు పోపు ఘాటు తగిలితే ఇంకేమైనా ఉందా? చప్పిడి పప్పు తిని తిని అత్త నన్ను ఎన్ని తిట్టిందో! అయినా తిన్నది. ఎందుకు తిన్నదో అప్పుడు నాకు తట్టలేదు.

రోజూ పొద్దున స్టూలు ఎక్కి సంచీలను వాసన చూసేదాన్ని. "చెక్క ఎట్లున్నది?" అని ఆయన కింది నుంచి అడిగేవాడు. "చెక్క మంచిగయితున్నది," అని నేను పైనుంచి. ముక్కిన వాసన మెల్లగా పోయింది. ఒక పొద్దున ఎండుగడ్డి వాసన వచ్చింది, ఇంకొక పొద్దున ఎండిన రేగుపళ్ల లాంటి తియ్యటి వాసన. ఆనందం పట్టలేక స్టూలు మీంచి దూకాను. స్టూలు విరిగింది. ఆయన పట్టుకున్నాడు. ఇంతకు మించి చెప్పను.

సద్దుల బతుకమ్మ రోజు వచ్చింది. వాకిళ్లన్నీ తంగేడు, గునుగు పూల కుప్పలు. ఆ పొద్దున సంచీల వంక చూసే తీరిక కూడా లేక నేను ఖాలావాళ్ల ఇంట్లో గునుగు పూలకు రంగు అద్దుతున్నాను. ఆ పిల్లలందరి వేళ్లూ ఎర్రగా, ఆకుపచ్చగా ఉన్నాయి. ఇంతలో రోడ్డు మీద కేకలు. తల ఎత్తి చూద్దును కదా, మా బర్రె.

దాన్ని నేను అంతకుముందు నడవగా చూశాను, నిలబడగా చూశాను, పడుకోగా చూశాను. ఎగరగా ఎన్నడూ చూడలేదు. తోక నిటారుగా లేపి, నాలుగు కాళ్లూ ఒక్కసారే నేల మీంచి ఎత్తి, దూడలాగా చెంగుచెంగున పోతోంది. కళ్లు ఇంతింత. వెనకాల కర్ర పట్టుకుని అత్త. అత్త వెనకాల బస్సు డ్రైవరు. అతని వెనకాల బస్సులో ఎక్కాల్సినవాళ్లంతా.

బజారు మలుపులో బర్రె గిర్రున తిరిగి నిలబడింది. గాజుల దుకాణం ముందు ఒక నిమిషం ఆలోచించింది. అందరం ఊపిరి బిగబట్టాం. గాజులను క్షమించి, పక్కనే ఉన్న చెరుకు బండి మీద పడి ఒక కట్ట గుంజుకుంది. దాన్ని నోట్లో పెట్టుకునే, ఎవరో పేర్చుకుంటున్న బతుకమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఆడవాళ్లు పాట ఆపి పరుగెత్తారు. ఒక ముసలవ్వ మాత్రం కదలకుండా, "రానియ్యిండ్రే, అదిగూడ ఆడపుట్టుకనే గదా, ఆడుకోనియ్యిండ్రి," అంది. నేను నవ్వాపుకోలేక రంగు గిన్నె నా మీదే వంపుకున్నాను. ఇంట్లో బర్రెకు పిచ్చెక్కితే కోడలు నవ్వుతోందని ఊరు అనుకుంటుందన్న భయం కూడా లేకపోయింది.

మధ్యాహ్నానికి దానంతట అదే ఇంటికి వచ్చి కొట్టంలో నిలబడింది. నిలబడి కూడా ఒక కాలు మార్చి ఒక కాలు ఆడిస్తూనే ఉంది. నేను దాని గోలెం చూశాను. కుడితి నల్లగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. వంగి వాసన చూశాను. నెల రోజులుగా రోజూ పొద్దున నేను చూస్తున్న వాసన. ఎండిన రేగుపళ్లు.

నడిమింట్లోకి పరుగెత్తాను. దూలానికి ఒక్క సంచీయే ఉంది, ఎండ్రకాయలది. రెండోది పెరట్లో దండెం మీద, శుభ్రంగా ఉతికి, ముడతలు దులిపి ఆరేసి ఉంది.

"అత్తా! చెక్క ఏది?"

"బర్రెకు వెట్టిన. సద్దుల పండుగ గదా, దానికి మాత్రం వద్దా? రాత్రే దంచి నానేసిన."

"అది చాయ్, అత్తా!"

అత్త కూడబలుక్కుంటూ చెప్పింది. చాయ్ అంటే ఆకుపొడి అని ఆమె విన్నది, అది కొడుకు పెట్టెలో ఉందనుకుంది. దూలానికి వేలాడేది అవిసె బట్ట, మీద అవిసె పూలు, లోపల గుండ్రంగా గోధుమరంగు చెక్క, పొద్దున లేస్తే మేం మాట్లాడుకునేదీ చెక్క గురించే. కొట్టం అడిగినవాడు బర్రెను మంచి చేసుకోవడానికి అంత దూరం నుంచి దానికి అవిసె చెక్క మోసుకొచ్చాడని ఆమె నమ్మింది. నెల రోజులు చప్పిడి పప్పు తిన్నదీ అందుకే. "నా కొడుకు బర్రెను గూడ యాది మర్వలేదు," అని వాడకట్టంతా చెప్పుకుందట. ఖాలాకు కూడా చెప్పింది. ఖాలా అది హాస్యమనుకుని నవ్వి ఊరుకుంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ముందు మీసం కదిలింది. తర్వాత గోడకు ఆనుకుని అలా కిందికి జారిపోయాడు. నేను ఆయన్ను చూసి మొదలుపెట్టాను. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇంట్లో చెక్కలకు అప్పుడేం కొదువ లేదు.

నవ్వకుండా ఉండాల్సింది. అత్త మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. బజారులో ఊరంతా నవ్వింది, ఇంట్లో మేం కూడా నవ్వాం. ఆమె కర్ర మూలన విసిరేసింది.

"తాగితే గొడ్డే గిట్లయితే, మనుషులేం గావాలె? నాకు చాయొద్దు, దుకాణమొద్దు. కొట్టం ఇయ్య. ఇగ గా మాటెత్తకుర్రి."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమెను బతిమాలాడు. ఇంకొక చెక్క ఉంది, ఒక్క గుక్క తాగి చెప్పమన్నాడు. ఆమె ముఖం అటు తిప్పుకుంది. ఆయనకూ పౌరుషం వచ్చింది. దసరా దాకా ఉండి మాత్రం ఏం లాభం, రేపు పొద్దున బస్సుకే పోతానన్నాడు. సాయంత్రం వాడకట్టులో బతుకమ్మ ఆడుతుంటే నేను అడుగులు తప్పాను. ఇంటికి వచ్చి ఆయన బట్టలు మడిచి పెట్టెలో పెట్టాను. ఒక్కొక్క చొక్కా మడవడానికి ఎంతసేపు పట్టించానో నాకే తెలుసు. ఉతికిన ఆ అవిసె సంచీని కూడా మడిచి, ఆయన చొక్కాల మధ్య పెట్టాను.

తెల్లవారింది. అత్త గట్టిగా, అవసరానికి మించి గట్టిగా, వాకిట్లో అరుస్తోంది.

"సూసిండ్రా దీని కత! రాత్రి తాడు తెంపుకొని ఇంటెనక్కు వోయింది. ఎంత గుంజినా ముందటికి వస్తలేదు. దానికే రోడ్డు మొఖం మొత్తిందేమో, నేనేం జేస్త? ఇగ కొట్టం ఉత్తగనే ఉన్నది, ఏం జేస్కుంటరో జేస్కోర్రి!"

మా ఆయన భుజానికెత్తుకున్న పెట్టెను అలాగే దించాడు. నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. అంతే, "చాయ్ వెట్టు!" అని ఆయన కేక, స్టూలు లేదన్న సంగతి మరిచిపోయి నా ఎగురుడు. రోలు మీదికెక్కి సంచీ దించాను. నాడా విప్పబోతే రావడం లేదు. నేను వేసిన ముడి కాదది. మొన్న రెండు సంచులూ విప్పి చూసి, దీన్ని మళ్లీ కట్టి పెట్టినట్టుంది. అత్త ముడి.

అత్తను పిలుద్దామని, ఎలాగూ పాలు కావాలని, చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లాను. రేగుచెట్టు కింద బర్రె నిదానంగా నెమరేస్తోంది. నిన్నటి ఆటలన్నీ మరిచిపోయి పెద్దమనిషిలా ఉంది. ముందు తవుడు, కింద కొత్త గడ్డి. తాడు తెగలేదు. ఎక్కడా ఒక పోగైనా లేవలేదు. కొస చెట్టు మొదలుకు చుట్టి ఉంది. వంగి చూశాను. లోపలి నుంచి తీసి, మళ్లీ దాని కిందికే దూర్చిన ముడి.

నా చేతిలో సంచీ, చెట్టుకు తాడు, రెండింటికీ ఒకటే ముడి. నా ఒక్కదానికే ఆయన ఇంట్లో ఉండాలని ఉందని ఇన్ని నెలలుగా అనుకుంటూ వచ్చాను. కొడుకు కొండల్లో ఉన్నన్ని నెలలూ ఆమె ఎలా పడుకుందో నేను ఒక్కనాడూ అడగలేదు. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు, రెండూ ఒక్కసారే వచ్చాయి.

వెనక అడుగుల చప్పుడైంది. అత్త. నా చేతిలో సంచీ లాక్కుని, ఎడమచేత్తో కొస పట్టి గుంజింది. ముడి జారిపోయింది. రేగుపళ్ల వాసన గుప్పుమంది. ఆమె మొదటిసారి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, బర్రెలు గూడ ముడేస్తయా?"

ఆమె చెట్టు వైపు చూసింది, బర్రె వైపు చూసింది, నా వైపు మాత్రం చూడలేదు.

"నోర్మూస్కొని చాయ్ వెట్టు," అంది. "నాక్కూడ."